నందిని కడుపు, వజ్రమ్మ అనుమానం

“అత్తమ్మా, సక్కగ చెప్పు. పాపకు చాటుంగ పాలు తాపుతున్నవా?”

కోడలు మౌనిక ఈ మాట అడిగేటప్పటికి ఎల్లా వజ్రమ్మ పొద్దుటి పాల క్యాన్లు వ్యాన్‌కు ఎక్కించి, మోచేతుల దాకా కడుక్కొని, అప్పుడే వంటింట్లో అడుగు పెట్టింది. ఎవరితో మాట్లాడుతోందో అనుకొని వెనక్కి తిరిగి చూసింది కూడా. వెనక ఎవరూ లేరు.

“నన్నేనా అడుగుతున్నవ్?”

“ఇంకెవర్ని అడగాలె? పాలు, పెరుగు బందు పెట్టి మూడు నెలలాయె. రిపోర్టు జూస్తే కడుపుల చెడ్డ పురుగులు ఇంకింత పెరిగినయ్. ఇంట్ల ఎవరో తాపుతున్నరు, లేకుంటే గిట్ల కాదని సారు చెప్పిండు.”

ఇంట్లో ఉండేదే నలుగురు. వజ్రమ్మ, కొడుకు మహిధర్, కోడలు మౌనిక, ఐదున్నరేండ్ల మనవరాలు నందిని. మహిధర్ వెంచర్లలో ప్లాట్లు చూపించే పని మీద పొద్దున పోతే మాపటికి గానీ రాడు. ఆ సారు వేలు ఎవరి మీదికి పోయిందో చెప్పనక్కర్లేదు.

వజ్రమ్మకు కోపం రావలసింది. ముందుగా మాత్రం విచిత్రమనిపించింది. ఇరవయ్యారేండ్లుగా ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన పాల సెంటర్ నడుపుతున్నది ఆమె. “సక్కగ చెప్పు, ఎన్ని నీళ్లు కలిపినవ్?” అని ఇంకొకరిని అడగడమే ఆమె బతుకుదెరువు. పాలు పరీక్షించే మిషన్ పెట్టకముందే క్యాన్‌లో పడే పాలధార చప్పుడు విని తల అడ్డంగా ఊపేది. ఒకసారి మంచాల దిక్కు నుంచి పాలు తెచ్చే బిక్షం, నీళ్లు కలిపిన సంగతి పాల చిక్కదనం కొలిచే ల్యాక్టోమీటర్‌కు దొరక్కుండా పాలల్లో ఉప్పు వేశాడు. వజ్రమ్మ ఒక చుక్క నాలుక మీద వేసుకొని, “నీ బర్రె ఏ సముద్రంల మేసింది బిక్షం?” అన్నది. వరుసలో నిలబడ్డవాళ్లంతా నవ్వితే బిక్షం క్యాన్ అక్కడే ఒంపి పోయాడు. వజ్రమ్మ ముంగట నీళ్లు కూడా మేం నీళ్లమేనని ఒప్పుకుంటయని సంతలో అనుకునేవాళ్లు.

అలాంటి మనిషిని ఆమె వంటింట్లోనే నిలబెట్టి అడిగింది కోడలు.

“తాపలేదు,” అన్నది వజ్రమ్మ.

మౌనిక నమ్మలేదు. నమ్మలేదని ముఖం మీదే తెలిసింది. నందినికి బూట్లు తొడిగి, తాను పాఠాలు చెప్పే ప్రైవేటు బడికి వెంట తీసుకొని పోయింది. అంతకుముందు దాకా మౌనిక బడి నుంచి వచ్చేవరకు పాపను చూసుకునేది నానమ్మే. ఆ రోజు నుంచి ఆ పనీ పోయింది.

నందిని రెండేండ్ల వరకు అందరు పిల్లల్లాగే ఉందనుకున్నారు. తర్వాత ఒక్కొక్కటి గమనించారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూసేది కాదు. పాల సీసాల మూతలన్నీ గోడ వెంట వరుసగా పేర్చేది, ఒక్క మూత జరిపితే ఊపిరాగేటట్టు ఏడ్చేది. మాటలు రాలేదు. హైదరాబాద్‌లో చూపిస్తే ఆటిజం అన్నారు. మందుతో పోయేది కాదు, ఓపికగా నేర్పిస్తూ పోవాలని చెప్పారు. మౌనిక ఆ మాట విని బయటికొచ్చి మెట్ల మీద కూర్చొని చాలాసేపు లేవలేదు.

దానికి తోడు పాపకు కడుపు బాధ. నాలుగు రోజులకోసారి గానీ దొడ్డికి వచ్చేది కాదు. వచ్చే ముందు రోజు మునివేళ్ల మీద ఇల్లంతా తిరిగేది, తన చేతిని తానే కొరుక్కునేది, ఎవరైనా ముట్టుకుంటే తల గోడకు కొట్టుకునేది. ఎక్కడ నొప్పో చెప్పడానికి మాట లేదు. అన్నం ముట్టేది కాదు. పాలు, తెల్లటి బిస్కెట్లు, అంతే. ఏదో ఒకటి కడుపులో పడుతోంది కదా అని వజ్రమ్మ పూటకు అర లీటరు చొప్పున చిక్కటి బర్రె పాలు తాపేది. సెంటర్‌కు వచ్చిన పాలల్లో ఏవి మేలైనవో అవి ముందే పక్కకు తీసి పెట్టేది.

అట్లాంటి రోజుల్లో బస్ డిపో ఎదురు సందులో, ఫోన్ల దుకాణం పైన ఒక ఫ్లెక్సీ వెలిసింది. ‘ఆటిజం మూలం మెదడులో లేదు, కడుపులో ఉంది’ అని పెద్ద అక్షరాలు. కింద తెల్ల కోటు వేసుకున్న దివాకర్ ఫోటో. మౌనిక అప్పటికే అతని వీడియోలు ఫోన్‌లో చూస్తోంది. మన పేగుల్లో కోట్ల కొద్దీ సూక్ష్మజీవులుంటాయి, మంచివి తగ్గి చెడ్డవి పెరిగితే వాటి విషం మెదడుకెక్కుతుంది, వాటిని సరిచేస్తే పిల్లలు మాట్లాడతారు అని చెప్పేవాడు.

మౌనిక నందినిని అతని దగ్గరికి తీసుకుపోయింది. పాలు, పెరుగు, గోధుమ, చక్కెర బందు అన్నాడు. పొద్దున, సాయంత్రం ఒక గోధుమ రంగు పొడి నీళ్లలో కలిపి తాపాలి. నెలకోసారి మలం శాంపిల్ ఇస్తే మంచివెన్ని, చెడ్డవెన్ని అని రంగురంగుల గీతలతో రిపోర్టు ఇస్తారు.

మొదటి నెలలో పాప కడుపు నిజంగానే తేలికైంది. రోజు విడిచి రోజు కష్టపడకుండా దొడ్డికి వచ్చింది. తల కొట్టుకోవడం తగ్గింది, కంటినిండా నిద్రపోయింది. మౌనిక సంతోషం చూసి వజ్రమ్మ కూడా ఏమీ అనలేదు. అనుమానం ఉన్నా మింగేసింది. రెండో నెల పాప బుగ్గలు లోపలికి పోయాయి. మాటలు మాత్రం రాలేదు. మూడో నెల రిపోర్టులో ఎర్ర గీత పైకి లేచింది. ఇంట్లో ఎవరో మోసం చేస్తున్నారన్నాడు దివాకర్.

కోడలు అడిగిన ఆ రోజు నుంచి ఇంట్లో గాలి మారింది. పాలగిన్నె గూట్లో పెట్టి మౌనిక తాళం వేసింది. మహిధర్ తల్లి కళ్లలోకి చూడడం మానేశాడు.

“నువ్వు గూడ నమ్మినవారా?” అని అడిగింది వజ్రమ్మ ఒక సాయంత్రం.

“నమ్మలేదమ్మా. గని నీకు మనసు ఆగక ఒక్క గుటికెడు పోసినవేమో…”

“పోసిన అని అంటున్నవ్.”

“పోసినవేమో అంటున్న.”

“రెండూ ఒక్కటే,” అని లేచి పోయింది.

కొడుకు మీద కూడా ఆమెకు అనుమానం లేచింది. అతని బండి డిక్కీలో బిస్కెట్ పుడ అయితే లేదు కదా అని ఒకసారి తీసి చూసింది. ప్లాట్ల మ్యాపులు, వాన కోటు తప్ప ఏం లేవు. చూసినందుకు సిగ్గుపడింది. ఇల్లంటే ఇల్లులాగ లేదు, ఎవరు ఎవరి గిన్నె చూస్తున్నారో అన్నట్టుంది.

అయినా ఒక పని చేసింది. పాపను కడిగి, స్నానం చేయించే పని ఇంకా ఆమెదే. అది ఎవరూ గుంజుకోలేదు. రోజూ స్నానం వేళ నందినిని దగ్గరికి తీసుకొని నోటి వాసన చూసింది. పాలు తాగిన నోరు ఎట్లుంటదో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. గంట గడిచినా పసిగట్టగలదు. వారం రోజులు చూసింది. పాల వాసన లేదు. పాపకు ఎవరూ పాలు తాపడం లేదు. మరి రిపోర్టు ఎందుకట్ల చెప్పింది?

ఆ పై ఆదివారం ఆమె కూడా వస్తానని మొండికేసి కోడలి వెంట దివాకర్ సెంటర్‌కు పోయింది. ఏసీ గది, గోడ మీద పేగుల బొమ్మ, మూలకు గుట్టగా పొడి డబ్బాలు. దివాకర్ మెత్తగా మాట్లాడాడు.

“మీరు కోపం తెచ్చుకోవద్దమ్మా. పెద్దవాళ్లు ప్రేమకొద్దీ చేస్తారు. జరిగింది జరిగిపోయింది. ఇప్పుడు పాపకు పొడి ఒక్కటే సరిపోదు. తర్వాతి దశకు పోవాలి.”

ఆ తర్వాతి దశ ఏమిటో చెప్పాడు. ఆరోగ్యంగా ఉన్న వేరే పిల్ల మలం నుంచి మంచి సూక్ష్మజీవులను తీసి, ద్రవంగా చేసి, కింది నుంచి సన్న గొట్టంతో నందిని పేగుల్లోకి ఎక్కిస్తారట. ఈ గదిలోనే, పది పూటలు. మౌనిక చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అత్తవైపు చూసింది. ముసలామె ఛీ అని లేస్తుందనుకుంది.

వజ్రమ్మ లేవలేదు. ఆమెకు అసహ్యమేం కలగలేదు. పెండ ఎత్తుతూ పెరిగిన మనిషి. పైగా ఆమె కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు చేసిన పని ఒకటి యాదికొచ్చింది. బర్రె ఏదన్నా నెమరు మానేసి, తల వేలాడేసుకొని, తన దూడను కూడా దగ్గరికి రానీయకుండా నిలబడితే, అత్తగారు నిమ్మళంగా నెమరేస్తున్న ఇంకో బర్రె నోట్లో చెయ్యి పెట్టి ఆ నెమరు ముద్ద ఇంత తీసి, ఈ బర్రె నోట్లో కుక్కేది. రెండు రోజుల్లో అది మళ్లీ నెమరు వేసేది, దూడను నాకేది. కడుపు మంచిగుంటేనే తలకాయ మంచిగుంటదని వజ్రమ్మకు ఏ వీడియో చెప్పనక్కర్లేదు. ఆ మాట మీద ఆమెకు పేచీ లేదు.

“గా పిల్ల ఎవరు సారు?” అని అడిగింది.

“ఏ పిల్లమ్మా?”

“ఎవరిది తీసి మా పాపకు ఎక్కిస్తవో గా పిల్ల. ఏ ఊరు? ఏం తింటది? ఏమన్న రోగమున్నదా లేదా ఎవరు చూసిన్రు?”

“అవన్నీ గోప్యంగా ఉంచుతాం. చెప్పకూడదు.”

“నేను గ్లాసెడు పాలు తీసుకుంటే గది ఎవరింటి బర్రెనో అడుగుత. నువ్వు బిడ్డ కడుపులకు ఎక్కిస్తనంటున్నవ్, అడగొద్దంటున్నవ్.”

దివాకర్ నవ్వాడు. ఆ నవ్వు ఆమె గుర్తుపట్టింది. ఉప్పేసిన రోజు బిక్షం ముఖాన కూడా అదే ఉండె.

“ముందు నాలుగో రిపోర్టు రానివ్వండి,” అని శాంపిల్ డబ్బీ మౌనిక చేతిలో పెట్టాడు.

దారిలో మౌనిక కోపంగా ఉంది. “అందరు నిన్ను చూసి భయపడాలె అత్తమ్మా. సార్లు, డాక్టర్లు గూడ.”

“ఆయన డాక్టరేనా?”

“కోటు వేసుకోలేదా?”

వజ్రమ్మ ఇంటికొచ్చి జల్‌పల్లిలో ఉండే మేనకోడలు భవానికి ఫోన్ చేసింది. భవాని అక్కడ టైలరింగ్ షాపు నడుపుతుంది, మేనత్త మాటంటే ఆమెకు ప్రాణం.

“అత్తా, నాకు ఆడపిల్లనే లేదు గదనే,” అన్నది విషయం విని.

“లేకుంటే పుట్టియ్యి. ఐదేండ్లు. మాటలు రాలేదని చెప్పు. డబ్బీ ఇస్తరు, తీసుకొని రా.”

భవాని లేని బిడ్డకు రవళి అని పేరు పెట్టి, దివాకర్ సెంటర్‌లో రాయించి, డబ్బీ తెచ్చి మేనత్త చేతికిచ్చింది. శాంపిల్ ఇవ్వాల్సిన రోజు పొద్దున నందినికి దొడ్డికి వచ్చింది. మౌనిక బడికి తయారవుతోంది. డబ్బీ నింపడం అత్త పనే.

పాల సెంటర్‌లో మిషన్ మీద అనుమానం వస్తే వజ్రమ్మ ఒకే క్యాన్ పాలు రెండు పేర్ల మీద పోయించేది. రెండుసార్లూ ఒకటే అంకె రావాలి. రాకపోతే తప్పు పాలది కాదు. అయితే పోసే ముందు పాలు బాగా కలపాలి. కలపకుంటే పైన మీగడ ఒకటి చెప్తది, అడుగు ఒకటి చెప్తది. అందుకని ఆమె ముక్కుకు కొంగు కట్టుకొని, పాత సాసర్‌లో తీసుకున్నది తీసుకున్నట్టు చెంచాతో బాగా కలిపి, రెండు డబ్బీల్లో నింపి మూతలు బిగించింది. ఒకటి మౌనిక తీసుకొని పోయింది. రెండోది అదే రోజు భవాని ఇచ్చి వచ్చింది.

పది రోజులకు రెండు రిపోర్టులూ వచ్చాయి. నందిని రిపోర్టులో చెడ్డ సూక్ష్మజీవులు నూటికి ఎనభై ఒకటి. ‘ప్రమాద దశ, వెంటనే మార్పిడి అవసరం’ అని ఎర్ర అక్షరాలు. రవళి రిపోర్టులో ముప్పై ఎనిమిది. ‘తొలి దశ, ఆరు నెలల పొడితో పూర్తిగా నయం’ అని ఉంది.

భవాని ఆ కాగితం పట్టుకొని, “మా బిడ్డ మంచిగనే ఉన్నదే అత్తా,” అని నవ్వింది. వజ్రమ్మ నవ్వలేకపోయింది. తాను అనుకున్నదే నిజమైనందుకు లోపల ఎక్కడో కాలింది. ఇన్నాళ్లూ ఈ అంకెల్ని నమ్మే కదా బిడ్డ నోటికాడిది తీసేశారు.

మౌనిక బడి నుంచి వచ్చి, పాపకు బట్టలు మార్చి, నీళ్లు తాగేదాకా వజ్రమ్మ ఆగింది. తర్వాత రెండు కాగితాలు ఆమె ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. మౌనిక చదువుతూ చదువుతూ తెల్లబోయింది. కాసేపటికి ముఖం ఎర్రబడింది.

“నా బిడ్డను పరీక్ష పెట్టినవా?”

“బిడ్డను కాదు. ఆయన్ను.”

“నీకు మొదటి నుంచి ఇష్టం లేదు. ఇది ఫెయిల్ కావాల్నని ఎదురుచూసినవ్. అత్తమ్మా, నాకు ఉన్న ఒక్క దారి ఇది. నువ్వు గది గూడ మూసినవ్.”

వజ్రమ్మ ఏదో అనబోయింది. మౌనిక ఆగలేదు.

“మరి కడుపు మంచిగైంది కదా? తల కొట్టుకునుడు తగ్గింది కదా? గది గూడ అబద్ధమేనా? చెప్పు.”

అది అబద్ధం కాదు. రిపోర్టు దొంగదని వజ్రమ్మ పట్టుకోగలిగింది గానీ పాప కడుపు ఎందుకు తేలికైందో ఆమెకు తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడం ఆమెకు కష్టమైంది.

“నాకు ఎరుక లేదు బిడ్డా,” అన్నది చివరికి.

ఆ మాటకే మౌనిక కొంచెం చల్లబడ్డట్టుంది. కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. మరునాడు అత్తను వెంటబెట్టుకొని దివాకర్ దగ్గరికి తనే పోయింది. రెండు రిపోర్టులు టేబుల్ మీద పరిచింది.

దివాకర్ ఒక్క క్షణం తడబడి వెంటనే సర్దుకున్నాడు. “చూడమ్మా, మలంలో ఒక్కో భాగంలో సూక్ష్మజీవులు ఒక్కో రకంగా ఉంటాయి. ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. ఇందులో వింతేం లేదు.”

“మంచిగ కలిపిన సారు,” అన్నది వజ్రమ్మ.

“కలిపినా సరే…”

మౌనిక అతన్ని పూర్తి చేయనివ్వలేదు. “గంత తేడా వస్తదంటే, మరి గీ పరీక్ష పెట్టుడెందుకు? గీ కాగితం చూసే కదా మా అత్తమ్మ దొంగ అన్నరు?”

దివాకర్ ఈసారి పొడి ఊరికే ఇస్తానన్నాడు, మార్పిడి మొదటి పూట కూడా ఊరికే చేస్తానన్నాడు. మౌనిక లేచి నిలబడింది. బయటికి వచ్చాక డిపో గోడ పక్కన ఆగి, “సర్కారు పిల్లల దవాఖానకు పోదాం,” అన్నది. అత్త జవాబు కోసం చూడకుండానే నడిచింది.

సిటీలో ఆ దవాఖానలో రెండు గంటలు వరుసలో కూర్చున్నారు. నందిని చెవులు మూసుకొని అటూ ఇటూ ఊగుతూనే ఉంది. లోపల డాక్టరమ్మ వయసులో చిన్నదే. ముందు పాపను బరువు తూచింది. నాలుగు నెలల కిందటి చీటీ చూసి మళ్లీ తూచింది. మూడు కిలోలు తగ్గింది. కడుపు నొక్కి చూసి, ఒక్కొక్కటే అడుగుతూ రాసుకుంది. దివాకర్ పొడి డబ్బా తిప్పి తిప్పి చూసింది. అందులో ఏముందో దాని మీద ఎక్కడా రాసి లేదు.

“ఏం కలిపారో నేను చెప్పలేను. విరేచనం అయ్యే మందు కలిసి ఉండొచ్చు, ఉత్త పొట్టు కూడా కావొచ్చు. ఇది ఆపేయండి.”

వజ్రమ్మ ఈ డాక్టరమ్మను కూడా ఊరికే నమ్మదలుచుకోలేదు. “అమ్మా, ఒక్క మాట నిజం చెప్పు. గీ బిడ్డ తలకాయకు, కడుపుల పురుగులకు సంబంధం ఉన్నదా లేదా?”

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. “ఉండొచ్చమ్మా. పేగులకు, మెదడుకు మధ్య మాటలు నడుస్తూనే ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి మలబద్ధకం, కడుపునొప్పి ఉంటాయి. వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవులు కొంచెం వేరుగా ఉన్నాయని కొన్ని పరిశోధనలు చెప్పాయి. అయితే ఈ పిల్లలు తినేవే రెండు మూడు రకాలు. తిండి వల్ల సూక్ష్మజీవులు మారాయా, వాటి వల్ల పిల్లలు ఇట్లా అయ్యారా అన్నది ఇంకా తేలలేదు. తిండి వల్లనే అని చెప్పిన పరిశోధనలూ ఉన్నాయి.”

“మరి వేరే పిల్లది ఎక్కిచ్చుడు?”

“కొద్దిమంది పిల్లల మీద ప్రయోగాలు చేశారు. బాగుందన్నవాళ్లున్నారు, ఇంకా పెద్ద ఎత్తున పరీక్షించాలి. అట్లా ఇచ్చేవాళ్లను ఎన్నో పరీక్షలు చేసి గానీ తీసుకోరు. ఫోన్ల దుకాణం పైన చేసే పని కాదది. ఎవరి రోగమో పాపకు అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.”

మౌనిక నెమ్మదిగా అడిగింది. “పాలు ఆపినంక కడుపు మంచిగైంది మేడం. అది?”

“ముందు ఎన్ని పాలు తాగేది?”

మౌనిక అత్త వైపు చూడలేదు. వజ్రమ్మే చెప్పింది. “లీటరున్నర. పూటకు అర లీటరు. నేనే తాపేదాన్ని.”

“వేరే తిండి?”

“బిస్కెట్లు.”

“అన్ని పాలు తాగితే ఆకలి ఉండదు, పీచు ఉన్న తిండి పోదు. కొందరు పిల్లలకు దాంతోనే గట్టిగా మలబద్ధకం వస్తుంది. నొప్పి వస్తే చెప్పలేదు కదా, తల కొట్టుకుంటుంది. కడుపు తేలికైతే అది తగ్గుతుంది. అంతమాత్రాన ఆటిజం పోయినట్టు కాదు. కానీ నొప్పి పోవడం చిన్న విషయం కూడా కాదమ్మా.”

కడుపుకు ఒక మందు రాసింది. పాలు గ్లాసుకు మించవద్దు, కొద్ది కొద్దిగా అన్నం, పండు, పప్పు అలవాటు చేయాలి, ఇంకేదీ పూర్తిగా ఆపొద్దు అన్నది. వారానికి రెండు రోజులు మాటల శిక్షణకు రమ్మన్నది. ఎప్పటికి మాట్లాడుతుందని అడిగితే, “చెప్పలేను,” అన్నది. ఆ జవాబు వినగానే వజ్రమ్మకు ఆమె మీద ఒకింత నమ్మకం కుదిరింది.

తిరుగు బస్సులో నందిని కిటికీ అద్దానికి నుదురు ఆనించి నిద్రపోయింది.

“చాటుంగ తాపలేదు,” అన్నది వజ్రమ్మ. “ముందు అందరు చూస్తుండంగ తాపిన. దొంగతనం చేయలేదు గని తప్పు నాదే ఉన్నది.”

“నేను గూడ చూసిన కదా అత్తమ్మా. వద్దనలేదు.”

క్షమించమని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. మరునాడు పొద్దున మౌనిక బడికి పోతూ పాపను గడపలో నిలబెట్టి, “పండు తినకుంటే నూరి పెట్టు,” అని చెప్పి ఒక్కతే పోయింది. గూటి తాళం చెవి పొయ్యి పక్కన కనిపించింది.

దివాకర్ మీద మహిధర్ జిల్లా వైద్యాధికారి ఆఫీసులో కాగితం రాసిచ్చాడు. భవాని రవళి పేరు మీది రిపోర్టు జత చేసింది. ఎవరో వచ్చి విచారణ చేశారు, కోటు మనిషి డాక్టర్ కాదని తేలింది, ఫ్లెక్సీ దిగింది. మూడు నెలల తర్వాత మహిధర్ వేరే రోడ్డు మీద పోతూ అదే ముఖం ఇంకో ఫ్లెక్సీ మీద చూశాడు. ఈసారి మోకాళ్ల నొప్పుల మూలం కడుపులో ఉందని రాసుంది. మళ్లీ కాగితం రాశారు. దాని జవాబు ఇంకా రాలేదు.

పాలు పోసేవాళ్లలో ఎవరన్నా పిల్లల సంగతి చెప్తూ ఫలానా పొడి, ఫలానా వీడియో అంటే వజ్రమ్మ పని ఆపుతుంది. “ఏముంది గండ్ల? డబ్బా మీద రాసుందా? ఎవరు చూసిన్రు?” అని మూడూ అడుగుతుంది. కొందరు నొచ్చుకొని ఇంకో సెంటర్‌కు పోయారు. శిక్షణ ఇచ్చే అమ్మాయిని కూడా ఆమె వదల్లేదు. బొమ్మల కార్డులు ఎందుకు, వీటితో మాట వస్తదా, వచ్చినోళ్లను చూపించు అని వెంటపడింది. ఆ అమ్మాయి విసుక్కోకుండా ఇద్దరు తల్లుల్ని పిలిచి మాట్లాడించింది. వాళ్లలో ఒకామె కొడుక్కు మాట వచ్చింది, ఇంకొకామె కొడుక్కు రాలేదు. ఇద్దరూ ఆ సంగతే చెప్పారు.

ఏడాది దాటింది. నందినికి ఆరున్నర దాటింది. పోయిన బరువు తిరిగి వచ్చింది. అన్నంలో పప్పు కలిపితే తింటుంది, పైన పెరుగు కనబడితే పళ్లెం తోసేస్తుంది. సీసాల మూతలు ఇప్పటికీ గోడ వెంట వరుసగానే ఉంటాయి. నీళ్లు అనే మాట సగం పలుకుతుంది. ఒక్కోరోజు అదీ పలకదు.

మొన్న ఒక పొద్దున పాల సెంటర్ ముందు వరుస రోడ్డు దాకా ఉంది. లోపలి నుంచి నందిని వచ్చి, మెడలో వేలాడుతున్న బొమ్మల కార్డుల్లోంచి ఒకటి వెతికి తీసింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకున్న పిల్ల బొమ్మ అది. తెచ్చి నానమ్మ చేతిలో పెట్టి, అది చూసేదాకా అక్కడే నిలబడింది. ఇంతకుముందు ఎన్నిసార్లు నొప్పొచ్చినా గోడకే చెప్పుకున్న పిల్ల అది.

వజ్రమ్మ కొలత చెంబు కింద పెట్టింది. “ఇయ్యాల జర ఆగున్రి,” అని వరుసలోని వాళ్లకు చెప్పి, కార్డు మీది పొట్టను వేలితో తాకి, తర్వాత మనవరాలి పొట్ట మీద చెయ్యి వేసింది.

“ఈడనా బిడ్డా?”

నందిని ఆమె చెయ్యి పట్టుకొని కొంచెం కిందికి జరిపింది.